షబ్బాతు రాణి గడప బయట కూర్చున్న సాయంకాలం

పూర్వం, యెరూషలేము దేవాలయం అగ్గిపాలై, యూదులు గుడి లేక, రాజు లేక, సీనాయి కొండ మీద దేవుడు మోషేకిచ్చిన ధర్మశాస్త్రం తోరానొక్కదాన్నే తమ దేశంగా గుండెల్లో పెట్టుకుని పరాయి నేలల్లో బతుకుతున్న రోజుల్లో, బాబిలోనులో యూఫ్రటీసు కాలువ ఒడ్డున నెహర్ తమ్రా అనే ఖర్జూర తోటల ఊరికి, తోరా సముద్రాన్ని ఈదినవాడూ, పెద్దల నోటి నుంచి నోటికి దిగివచ్చిన మిష్నా ధర్మాలన్నీ కంఠస్థమైనవాడూ, షబ్బాతు రక్షణే ఊపిరిగా గలవాడూ అయిన రబ్బీ ఎల్కానా గురువుగా ఉండేవాడు.

షబ్బాతంటే ఏమనుకున్నారు! సర్వేశ్వరుడు లోకాలన్నీ సృష్టించి విశ్రమించిన ఏడో రోజు. శుక్రవారం పొద్దు వాలగానే ఆ రోజు రాణిలా, పెళ్లికూతురిలా ఊళ్లోకి వేంచేస్తుంది. ఆమె ఉన్నంతసేపూ నిప్పు రాజేయకూడదు, వీధిలో బరువు మోయకూడదు, ఏ పనీ చేయకూడదు. ఎవరైనా ఏమరుపాటున తప్పు చేస్తే ఆ రాణి అలిగి వెళ్లిపోతుందేమోనని ఎల్కానాకు తెల్లారిలేస్తే ఒకటే బెంగ. తోరా చుట్టూ కంచె వేయమన్నారు పెద్దలు. ఈయన ఆ కంచెకు కంచె వేశాడు. నిప్పు రాజేయకూడదు గనక అసలు పొయ్యి దగ్గరికే పోవద్దన్నాడు, పోకుండా ఉండాలంటే మధ్యాహ్నానికే నిప్పులార్పి పొయ్యి మూతికి బంకమట్టి మెత్తేయమన్నాడు, ముందే వెలిగించి పెట్టుకున్న దీపాన్ని వేలి కొసతో కూడా తాకవద్దన్నాడు.

ప్రాణం మీదికొస్తే షబ్బాతే పక్కకు తప్పుకుంటుందన్న ధర్మం ఆయనకు తెలియకనా? బాగా తెలుసు. కాని అది చెబితే తలనొప్పి వచ్చినవాడు కూడా పొయ్యి వెలిగిస్తాడని భయపడి, అదొక్కటీ ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు.

ఇలా ఉండగా ఒక చలికాలపు శుక్రవారం, సూర్యుడు దిగిపోయి, ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతుండగా, ఎల్కానా తెల్లబట్టలు కట్టి, భార్య షిఫ్రా రొట్టెల మీద గుడ్డ కప్పుతుంటే, ద్రాక్షారసం గిన్నె చేతికెత్తుకున్నాడో లేదో, తలుపు దబదబా మోగింది. పడవవాడి భార్య హొగ్లా, చీలమండల దాకా బురదతో, పళ్లు టకటకలాడుతూ లోపలికొచ్చి పడింది.

"అయ్యగారూ! మా తిర్సా కాలవలో పడిపోయిందండీ. తీశాం. ఊపిరుంది గాని ఒళ్లు మంచుగడ్డండీ, పెదాలు నీలంగా అయిపోయాయి. మా దీపం గాలికి ఆరిపోయింది. ఇరుగూ పొరుగూ తమ దీపాలు తాకబోమన్నారు, రబ్బీగారినడిగి రమ్మన్నారు. నిప్పు రాజేసుకోవచ్చాండీ?"

ఏడాది నిండని పిల్ల. పాపం ఆ తల్లి బిడ్డను ముసలి అత్త ఒళ్లో వదిలేసి, తోటలన్నీ దాటి, అడగడానికి పరుగెత్తుకొచ్చింది. అయినా ఏళ్ల తరబడి వేసిన కంచె ఆయన నాలుకకే అడ్డంపడి, "బొత్తిగా చల్లబడిందా? గొంగళి కప్పి చూశారా?" అని అడిగించింది.

"ఇంకా నయం, కాలవ ఎంత లోతో కూడా అడగండి!" అంది షిఫ్రా, గుడ్డ విసిరేసి. "ఆవిడ అడగడానికొచ్చిందే మనకు సిగ్గు. మీరు తిరిగి ప్రశ్నలేస్తారేంటండీ!"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఎల్కానా గిన్నె దించి, ఎవ్వరూ తాకకూడదని తానే శాసించిన షబ్బాతు దీపాన్ని ఒడిసిపట్టి, తాను కూర్చుని పాఠాలు చెప్పే దేవదారు పీటను చంకన పెట్టి, హొగ్లా ముందు దారి తీస్తుండగా వీధిలోకి ఉరికాడు.

ఇంక చూడండి ఆయన అవస్థ! గాలి వీచినప్పుడల్లా జ్వాల వంగిపోతోంది. అరచెయ్యి అడ్డం పెడితే కాలుతోంది, తీస్తే ఆరిపోయేలా ఉంది. ఆరితే మళ్లీ ఎవరిస్తారు? ఊరంతా పొయ్యిలు మట్టితో మూయించింది తనేగా! గుమ్మాల్లోకి జనం వచ్చేశారు.

"అదేంటర్రా, రబ్బీగారు దీపం మోస్తున్నారు!"

"మొన్న నేను చేతిరుమాలు మోశానని వారం రోజులు తిట్టారయ్యా ఈయన!" అన్నాడు నువ్వుల నూనె గానుగ ఆసామి.

అందరికన్నా నిష్ఠాపరుడైన శిష్యుడు జిమ్రీ చేతులు చాచి దారికి అడ్డం నిలబడ్డాడు. "గురువుగారూ, వద్దు! రాణీగారు వెళ్లిపోతారని మీరే కదా చెప్పారు!"

"ప్రాణం పోతుంటే షబ్బాతు లేదురా! ఆ మాట చెప్పలేదు, అదే నేను చేసిన పాపం. తప్పుకో! తప్పుకుని ఎండుకట్టెలు పట్రా!" అని అరుస్తూనే ఆయన పరుగెత్తాడు.

హొగ్లా గుడిసె చేరేసరికి గడప పక్కన, ఒళ్లంతా కళ్లే అయిన మృత్యుదూత కత్తి దూసి నిలబడి ఉన్నాడు. ఆ గడపకు ఎదురుగా, బయట బురదనేల మీద, తెల్లని పెళ్లిబట్టల్లో, చంద్రబింబం లాంటి ముఖంతో ఒక స్త్రీ కూర్చుని ఉంది. హొగ్లా ఆ ఇద్దర్నీ చూడనే లేదు, లోపలికి దూసుకుపోయింది. ఎల్కానా మాత్రం చూసీ చూడగానే ఆమెను గుర్తుపట్టాడు. ఊరు విడిచి వెళ్లిపోతూ ఇక్కడ ఆగింది కాబోలు! నా చేతిలో దీపం చూడనే చూసింది!

"అమ్మా, రాణీ, ఈ నిప్పు తెచ్చిన తప్పు నా మీదే వెయ్యి, ఊరిని విడిచిపెట్టకు" అన్నాడు.

"ఏం మాటలు నాయనా! నేనింకా ఏ ఇంట్లోనూ అడుగే పెట్టలేదు" అంది షబ్బాతు రాణి. "ఒక ఇంట్లో పసిపిల్ల గడ్డకట్టుకుపోతుంటే ఇంకో ఇంట్లో పీటేసుకుని కూర్చుంటానా? నా పేరు చెప్పి ఆ పిల్ల పోతే, రేపు ఏ ముఖంతో సర్వేశ్వరుడి ఎదుటికి వెళ్తాను? నిప్పు తెచ్చేవాడి కోసం పొద్దువాలినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆలస్యం చేశావు. పో, లోపలికి పో!"

ఎల్కానా లోపలికి దూకి, పీటను నేలకేసి కొట్టి ముక్కలు చేసి, మట్టి మూత పగలగొట్టి, పొయ్యిలో పేర్చి దీపంతో అంటించాడు. పొగ వచ్చింది, మంట రాలేదు. ఊదాడు. మృత్యుదూత ఒక అడుగు లోపలికి వేశాడు. మళ్లీ ఊదాడు, కళ్లలో నీళ్లు కారుతుండగా, పెదాల మీద ప్రార్థన కూడా మరిచిపోయి ఊపిరంతా పొయ్యికే పోశాడు. దేవదారు చిటపటలాడింది. జిమ్రీ కట్టెలమోపుతో లోపలికొచ్చాడు. హొగ్లా పిల్లను రొమ్ముకు హత్తుకుని మంట దగ్గర కూర్చుంది. నీలి పెదాలు కదలలేదు.

ఎంతకీ కదలలేదు. తర్వాత చిన్న దగ్గు, ఆ వెంటనే ఊరంతా వినబడేంత ఏడుపు!

మృత్యుదూత కత్తి ఒరలో పెట్టుకుని వెళ్లిపోయాడు. షబ్బాతు రాణి లేచి, అంచుకంటిన బురద దులుపుకుని, ఊళ్లో అన్నిటికన్నా ముందు ఆ గుడిసెలోనే అడుగుపెట్టింది. అప్పుడు యూదులు బాత్ కోల్ అని పిలుచుకునే అశరీరవాణి ఆకాశం నుంచి, "ఎల్కానా, తోరాకు కంచె వేసినవాడివి, ఈ పూట కంచెకు వాకిలి పెట్టావు. వరం కోరుకో" అని పలికింది.

ఆయన మసిచేతులు జోడించి, "స్వామీ, ఇక మీదట ఈ ఊళ్లో ఏ తల్లీ బిడ్డను వదిలేసి, నిప్పు రాజేయొచ్చా అని నన్ను అడగడానికి రాకుండా అనుగ్రహించు. ఆ మాట అందరికీ ముందే తెలిసి ఉండాలి" అన్నాడు.

"తథాస్తు" అంది వాణి.

మర్నాడు షబ్బాతు ప్రార్థనలో ఎల్కానా పీట లేక నేల మీదే కూర్చుని, ఆ ధర్మాన్నే మొదటి పాఠంగా చెప్పాడు. అది మొదలు నెహర్ తమ్రాలో మాటలొచ్చిన ప్రతి పిల్లకూ, నిషేధాలు ఒక్కటీ నేర్పకముందే, ప్రాణం ముందు, షబ్బాతు తర్వాత అని నేర్పేవారు. ప్రతి వీధిలోనూ ఒక పొయ్యికి మట్టి మెత్తకుండా నిప్పులు కప్పి ఉంచేవారు. షబ్బాతు రాణి ప్రతి శుక్రవారం వేళకు వచ్చి, తృప్తిగా అన్ని ఇళ్లూ తిరిగి వెళ్లేది.

ఎల్కానా కొత్త పీట చేయించుకోలేదు. చివరి దాకా శుక్రవారం సాయంత్రం ఎవరు తలుపు తట్టినా, ముందు దీపం చేతిలోకి తీసుకుని, ఆ తర్వాతే ఎవరని అడిగేవాడు.