తాళంచెవి లేకుండా దూకిన బండి

“పని చేసిపెట్టినవాడికి కోపం రాకూడదా ఉస్తాద్?” అని మద్దిలేటి అడిగాడు. ఆదోని బైపాసు పక్కన ఖాజాపీరా గారి షెడ్డులో, బండ్ల కరెంటు పని నేర్చుకుంటూ ఎనిమిదేళ్లు గడిపినవాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నలుగురు లారీ డ్రైవర్ల ఎదుట ఆ పూట తిట్లు తిన్నాడు.

తిట్టింది హంపమ్మ. మామ కొన్న పాత పికప్ బండిని తానే నడుపుకుంటూ, పల్లెల నుంచి ఉల్లిగడ్డలు సంతకు తోలుతుంది. ఆ బండికి తాళంచెవి తిప్పితే కరెంటు మాత్రమే వస్తుంది. ఇంజన్ తిరగాలంటే డాష్‌బోర్డు మీదున్న నల్ల బటన్ నొక్కాలి. వారం కిందట ఆ బటన్ పనిచేయడం మానేస్తే మద్దిలేటి గంటలో బాగుచేసి పంపాడు. ఆ పొద్దున ఆమె కుంటుకుంటూ వచ్చి, అప్పడంలా అణిగిపోయిన స్టీలు బిందెను అతని కాళ్ల దగ్గర విసిరికొట్టింది.

“చూడు, బాగా చూడు! దీని బదులు నా నడుము ఉండాల్సింది. బండి ముందర నిలబడి రేడియేటర్‌లో నీళ్లు పోస్తాండా. తాళంచెవి నా బొడ్లో ఉంది. లోపల మా ఆయన తువ్వాలు అందుకోబోతే మోచెయ్యి బటన్‌కు తగిలె. బండి గోడ మీదికి దూకె! చెవి లేకుండా బండి ఎట్ల కదులుతుందిరా?”

“గేర్లో పెట్టి ఎవరు నిలపమన్నారు? బటన్ నొక్కితే గేర్లో ఉన్న బండి దూకదా? తప్పు నీదే,” అన్నాడు మద్దిలేటి.

“హ్యాండు బ్రేకు పట్టదు. మా మామ నాటి నుంచీ గేర్లోనే నిలుపుతాండాం. నీ చెయ్యి పడేదాకా ఇది ఎప్పుడూ దూకలే!”

అతను బండిని పాత ఇనుముకు అమ్ముకోమన్నాడు. ఆమె అతని వంశం మొత్తాన్నీ దులిపింది. అప్పుడే అతను గురువు వైపు తిరిగి ఆ ప్రశ్న వేశాడు.

ఖాజాపీరా గారు బండి దగ్గరికి పోయి, బానెట్ ఎత్తి లోపల చెయ్యిపెట్టి, మళ్లీ మూశారు. తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. గేరు తీయకుండా కూర్చోమని హంపమ్మను లోపలికి ఎక్కించారు.

“మద్దిలేటీ, పోయి బంపర్‌కు మోకాళ్లు ఆనించి నిలబడు. హంపమ్మా, బటన్ మీద వేలు పెట్టు. మూడు అంటానే నొక్కు.”

ఆయన ఒకటి అన్నారో లేదో మద్దిలేటి పక్కకు దూకేశాడు. డ్రైవర్లలో ఒకడు నవ్వాడు. ఉస్తాద్ మొహం చూసి ఆ నవ్వు వెంటనే మింగేశాడు.

“ఎందుకు దూకినావు? పని చేసిపెట్టినా అంటివే!” ఆయన గొంతు షెడ్డంతా మోగింది. బానెట్ మళ్లీ ఎత్తి చూపించారు. బ్యాటరీ వైరు ఊడదీసి ఉంది. బండి కదిలే అవకాశమే లేదు.

దాచడానికి ఇంకేమీ మిగలలేదు. బటన్ బాగుచేసిన రోజు వైరు ఎక్కడ తెగిందో వెతకాలంటే డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోవాలి. మే నెల ఎండ, బయట మరో మూడు బండ్లు. మద్దిలేటి వెతకలేదు. బ్యాటరీ నుంచి నేరుగా బటన్‌కు ఒక వైరు లాగేశాడు. బటన్ పనిచేసింది గానీ తాళంచెవికి దాని మీద అదుపు పోయింది. అది తప్పని అతనికి ఆనాడే తెలుసు. హంపమ్మకు మాత్రం చెప్పలేదు.

తను వేసిన వైరును అతను పళ్లు కొరుకుతూ పీకేశాడు. ఉస్తాద్ దగ్గర తాళంచెవి తీసుకొని, బ్యాటరీ వైరు తిరిగి తగిలించి, చెవి తిప్పి, డాష్‌బోర్డు కింద దూరి కరెంటు వస్తోందో లేదో చూపే టెస్ట్ లైటు పెట్టి చూశాడు. తాళంచెవి దగ్గర వెలిగింది, బటన్ దగ్గర వెలగలేదు. రెంటికీ మధ్య ఉన్నది జానెడు వైరు. పైతొడుగు బాగానే ఉంది. వేళ్లతో వంచి చూస్తే ఒకచోట మెత్తగా మడతపడింది. లోపల రాగి తెగిపోయింది. కొత్త వైరు వేయడానికి అరగంట కూడా పట్టలేదు. అంతసేపూ హంపమ్మ పాత టైరు మీద కూర్చొని మోకాలు రుద్దుకుంటూనే ఉంది. టీ ఇస్తే తాగలేదు.

పని ముగించి మద్దిలేటి ఆమెకు తాళంచెవి ఇచ్చాడు. డ్రైవర్లందరూ చూస్తుండగా తనంతట తానే పోయి, చేతులు కట్టుకొని బంపర్ ముందు నిలబడ్డాడు.

“చెవి పెట్టకుండా నొక్కక్కా!” అని అరిచాడు. చప్పుడు లేదు. “చూసినారా? ఇప్పుడు చెవి తిప్పి నొక్కు!”

హంపమ్మ తాళంచెవి తిప్పింది. కూర్చోగానే గేరు తీసే అలవాటున్న మనిషి, ఆ కోపంలో ఆమె కూడా మరిచింది. వేలు బటన్ మీదికి పోతుండగా ఖాజాపీరా గారు ఒక్క అంగలో వచ్చి మద్దిలేటిని కాలర్ పట్టుకొని పక్కకు ఈడ్చేశారు. కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు రాడ్డును వెనక్కి లాగి గేరు తీశారు.

“ఇప్పుడు నొక్కమ్మా.”

ఇంజన్ అందుకుంది. హంపమ్మ ఆ రాడ్డు వైపు చూసి, ఇంజన్ ఆపి, కిందికి దిగింది. నేరుగా పోయి మద్దిలేటి రొమ్ము మీద రెండు చేతులతో గుద్దింది.

“నా చేత మనిషిని చంపించేటోనివి గదరా!”

ఆమె బండి తీసుకొని వెళ్లిపోయింది. డ్రైవర్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

“నా పని మీద నమ్మకంతోనే నిలబడినా ఉస్తాద్,” అన్నాడు మద్దిలేటి.

ఖాజాపీరా గారు చేతులు తుడుచుకుంటూ అతని వైపు చూశారు.

“నొక్కితే ఇంజన్ తిరుగుతుందని నిజంగా నమ్మింటే, నిలబడేముందు గేరు చూసుకుందువు,” అన్నారు.