గడియకు ఆవగింజంత

చెయ్యి తియ్యి! మోకాలి మీది పొక్కు మళ్లీ గిల్లుతున్నావా? మొన్న గిల్లావు, నెత్తురు వచ్చింది. నిన్న గిల్లావు, నెత్తురు వచ్చింది. ఒక్కరోజు ఊరుకోలేవూ? చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కథ చెబుతాను. లేదంటే లేచి వెళ్లు.

అనగనగా ఉదయవర్మ అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కంకాళుడనే మాంత్రికుడు వచ్చి రాజ్యం ఇమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. వాడు విషబాణం వేసి పోయాడు. బాణం తీశారు కానీ తొడలో విషం ఉండిపోయింది. పుండు మానినంత మేరా మళ్లీ పెరిగేది.

"నెల తిరిగేలోగా మానకపోతే రాజుగారు మనకు దక్కరు" అన్నాడు వైద్యుడు.

పెద్దకొడుకు బయలుదేరి మొదటి సముద్రం ఒడ్డునే మూడు ఎర్రదారాలు సంపాదించి తెచ్చాడు. అది మంత్రించిన దారం. ఒంటికి కడితే గడియలో జానెడు పుండు మాన్పుతుంది. కట్టగానే పుండు మూసుకుంది. మేళతాళాలు మోగాయి. మూడు గడియలు గడిచాయి. దారం తెల్లబడింది, పుండు మళ్లీ తెరుచుకుంది.

రెండోకొడుకు పసుపుదారం తెచ్చాడు. దాని బలం గడియకు బెత్తెడు.

"అన్నా, నీదొకటి కట్టు, పక్కనే నాదీ కడతాను. జానెడుకు బెత్తెడు తోడవుతుంది!"

కట్టారు. పసుపుదారం ముడి దానంతట అదే వీడి జారిపడింది. మళ్లీ కట్టారు. మళ్లీ జారింది.

"నీకు ముడి వెయ్యడం రాదు" అని ఒకడు, "నీ చెయ్యి మంచిది కాదు" అని ఒకడు పోట్లాడుకున్నారు. ఈలోగా ఎర్రదారమూ తెల్లబడింది.

మూడోవాడు ధృతవర్మ పోట్లాడలేదు, చూశాడు. 'ఒంటి మీద ఒక్క దారమే నిలుస్తుంది. బలమైనది ఉంటే తక్కువది జారిపోతుంది' అని గ్రహించాడు. మిగిలిన ఒక్క ఎర్రదారం నడుముకు దోపుకుని, తెల్లబడని దారం వెతుకుతూ బయలుదేరాడు.

ఏడు సముద్రాలూ తాబేలు వీపు మీద దాటాడు.

"ఇంకెంత దూరమని అడగనివాడివి నువ్వొక్కడివే, నాయనా. మీ అన్నలిద్దరూ ప్రతి అలకీ అడిగారు. విసుగొచ్చి మొదటి ఒడ్డునే దింపేశాను" అంది తాబేలు.

ఏడో సముద్రం అవతల కంకాళుడి కోట. అక్కడ కేతకి అనే పిల్ల మందులు నూరుతోంది. ఆమె ఒక వైద్యుడి కూతురు, కంకాళుడి చెరలో ఉంది.

"మా నాన్న జీవితమంతా వడికింది పచ్చదారం. గడియకు ఆవగింజంతే మాన్పుతుంది కానీ, ఎన్నటికీ ఆగదు. కంకాళుడు దాన్ని దొంగిలించి, తన ప్రాణం దాచుకున్న చిలక కాలికి కట్టాడు. వాడికి ఏ గాయమైనా మానిపోతుంది" అంది కేతకి.

ధృతవర్మ కంకాళుడి ముందుకు వెళ్లి, చేతి మీద కత్తితో గీసుకుని, ఎర్రదారం ఆనించాడు. గాటు మాయమైంది. చటుక్కున దారం తీసేశాడు.

కంకాళుడి కళ్లు మెరిశాయి. "నాది ఆవగింజంత, నీది జానెడా? ఇటు తే!"

"ఎంతసేపు పనిచేస్తుందో అడగవా?"

"నన్ను ప్రశ్నలు వెయ్యమంటావట్రా, కుర్రకుంకా!" అని లాక్కుని చిలక రెండో కాలికి కట్టాడు.

పచ్చదారం ముడి వీడి జారిపడింది. ధృతవర్మ దాన్ని తీసి తలపాగాలో పెట్టుకున్నాడు. కంకాళుడు చూసి నవ్వాడు. "ఆ పాత పోగు నాకెందుకు? నువ్వే ఉంచుకో" అన్నాడు.

మూడు గడియలకు ఎర్రదారం తెల్లబడింది. కేతకి పంజరం తలుపు తీసింది. కంకాళుడు పరుగున వచ్చి చెయ్యి చాపాడు. చిలక వాడి వేలు కొరికి, ధృతవర్మ భుజం మీద వాలింది.

"వెంటపడ్డావో, సముద్రంలో దూకుతాను. నాతోపాటు నువ్వూ మునుగుతావు!" అంది. వాడు అక్కడే నిలబడిపోయాడు.

ముగ్గురూ తాబేలెక్కి ఇల్లు చేరారు. పచ్చదారం కట్టి, "తొమ్మిది రోజులు కట్టు విప్పి చూడకూడదు" అంది కేతకి.

మూడోరోజు పెద్దకొడుకు కట్టు మీద చెయ్యి వేశాడు. "ఆవగింజంత మానడం కూడా ఒక మానడమేనా? విప్పి చూద్దాం."

"చెయ్యి తియ్యి, అన్నా" అన్నాడు ధృతవర్మ. తొమ్మిది రోజులూ మంచం పక్కనుంచి కదల్లేదు. విషం అలిసిపోయింది, దారం అలిసిపోలేదు. పదోరోజున రాజు లేచి గుమ్మం దాకా నడిచాడు.

ధృతవర్మకు, కేతకికి పెళ్లయింది. వాళ్లు అరవై ఏళ్లు చల్లగా ఏలారు. పచ్చదారం ఊళ్లో ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ల ఇంటికి వెళ్లేది. చిలక జామపళ్లు తిని కొవ్వెక్కి, అరవై ఏళ్లూ వాళ్ల ముంగిట్లో బతికింది.

మరి కంకాళుడో? వేలి మీద కాటు చిన్నదే. పదిరోజులు వదిలేస్తే మానేది. కానీ పుట్టి బుద్ధెరిగాక గాయం మానేదాకా ఆగినవాడు కాడు. పొక్కు కట్టగానే మానిందా అని గిల్లేవాడు, నెత్తురు వచ్చేది. మళ్లీ కట్టేది, మళ్లీ గిల్లేవాడు. చిలక బతికి ఉంది కనుక వాడికి చావు లేదు. అరవై ఏళ్లూ ఆ కోటలో ఒంటరిగా, వేలు గిల్లుకుంటూ కూర్చున్నాడు.