ఎనిమిది పక్కల మంటపం

పనస తోటలకు పేరుపడ్డ ఒక రాజ్యంలో, దాని పేరిప్పుడు గుర్తులేదు, రాజుగారి ఎనిమిది పక్కల మంటపానికి తడికలు అల్లే పని మేదరి నూకాలమ్మకు దొరికింది. ఆ పని తన మనిషికి ఇప్పించాలని ఆస్థాన గణితశాస్త్రి మంటపం దగ్గర రాజుగారి ఎదుటే అడ్డుపడ్డాడు.

"పక్కలన్నీ సమానం. ఎండలో చుట్టూ తిరిగి కొలిచాను, తొంభై ఆరు మూరలు. భాగహారం రానిదానివి, ఒక్కో తడిక ఎంత పొడవు అల్లుతావే?"

నూకాలమ్మ ఒక పక్కన మూరలు వేసుకుంటూ మూల దాకా వెళ్లింది. "పన్నెండు, బాబూ."

శాస్త్రి తాటాకు మీద లెక్క వేసి చూశాడు. పన్నెండే!

"భాగించకుండా ఎలా చెప్పావు?"

"తమరూ ఈ మూల దాటే కదా వెళ్లారు శాస్త్రిగారూ! ఇక్కడే ఆగి ఉంటే ఎండ తప్పేది."

రాజుగారు పకపకా నవ్వి, తడికలు ఆమెనే అల్లమన్నారు. శాస్త్రికి చల్లటి మజ్జిగ ఇప్పించారు.