సూక్ష్మం వారమ్మాయి కంప్యూటరు కొలువు

మధురవాడలో సూక్ష్మం వారిల్లు ఎక్కడని అడిగితే పాలుతాగే పిల్లాడైనా చూపిస్తాడు. చూపిస్తూ నవ్వుతాడు. తమ తెలివిని చూసిన సంతోషం పట్టలేక అలా నవ్వుతున్నాడని ఆ ఇంట్లోవాళ్ళ నమ్మకం. నాదీ అదే ఇంటిపేరు లెండి, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఇంటి పెద్ద సన్యాసిరావు పాల బూత్ నడుపుతాడు. "మన బుర్రలు వేరు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. లోకంలో గొడవలన్నీ సొంత తెలివి వాడబట్టే వస్తున్నాయి" అని పాలకొచ్చిన ప్రతివాడికీ బోధిస్తాడు. ఆ మాటకి భార్య ఈశ్వరమ్మ మురిసిపోతుంది, తల్లి గౌరమ్మ కొడుక్కి దిష్టి తీస్తుంది.

ఒకసారి కరెంటు పనివాడు వచ్చి, "నేను చెప్పేదాకా మెయిన్ వెయ్యకండి" అని వైరు కొనడానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు అటునించటే బావమరిది పెళ్ళికి పోయాడు. అంతే. వాడు తిరిగొచ్చేదాకా సూక్ష్మం వారింట్లో కొవ్వొత్తులే. పక్కింట్లో లైట్లు చూసి ఈశ్వరమ్మ, "పాపం, వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు కాబోలు, తెగించి వేసేసుకున్నారు" అని జాలిపడింది.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల తనూజ. సర్కారు హైస్కూల్లో పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ వేసవిలోనే, ఇళ్ళల్లో వండిన టిఫిన్లు ఫోన్లో ఆర్డరు చేసుకునే యాప్ ఒకటి తయారుచేసి నడిపే చిన్న కంపెనీ, బడి నుంచి ఒక్కరిని పంపితే వేసవంతా పని నేర్పుతామంది. హెడ్‌మిస్ట్రెస్ మరో ఆలోచన లేకుండా తనూజ పేరిచ్చేసింది. మాట జవదాటని పిల్ల అని.

"చూడమ్మా, నువ్వు బాగా చేస్తే ఏటా మన బడి నుంచి ఒకరిని తీసుకుంటారట" అంది హెడ్‌మిస్ట్రెస్. "చెడగొట్టావో, మన బడి పేరు చెబితేనే తలుపేసేస్తారు. నీ వెనకాల పిల్లలందరి ఆశా నీమీదే."

తనూజకి ఆ మాట గుండెల్లో దిగబడింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆమెని గేటుదాకా సాగనంపి, "అక్కా, మా చాన్సు పోగొట్టకే" అని చేతులు పట్టుకున్నారు. ఇంట్లో మాత్రం ఎవరికీ బెంగ లేదు. "మన తెలివి ఆ కంపెనీవాళ్ళు తట్టుకోగలరో లేదో" అన్నాడు సన్యాసిరావు.

మొదటిరోజు ఫణీంద్ర అనే కుర్ర ఇంజనీరు తనూజకి ఆఫీసంతా చూపించాడు. తలుపు దగ్గర ఆగి, "ఒక్కటి గుర్తుపెట్టుకో. మెడలో కార్డు లేనివాళ్ళు లోపల ఉండకూడదు. ఎవరైనా సరే, నీ కంటబడితే మొహమాటం లేకుండా బయటికి పంపెయ్" అన్నాడు.

తనూజ అందరి మెడలూ చూసింది. అందరికీ కార్డులున్నాయి. తన మెడ చూసుకుంది. లేదు. ఇంకేముంది, బ్యాగు తీసుకుని తనని తానే బయటికి పంపేసుకుంది.

భోజనాల వేళకి ఫణీంద్ర మెట్లమీద ఆమెని కనిపెట్టాడు. "ఇక్కడున్నావేంటమ్మా? నీ కార్డు పొద్దున్నే తయారైపోయింది. లోపలికొచ్చి అడగొచ్చు కదా!"

"కార్డు లేకుండా లోపలికెలా వస్తానండీ?" అంది తనూజ.

ఫణీంద్ర లోపలికెళ్ళి కార్డు తెచ్చి ఆమె మెడలో వేశాడు. సాయంత్రం ఆ సంగతి విని సన్యాసిరావు కూతురి వీపు తట్టాడు. "చూశావా ఈశ్వరీ! చేరిన రోజే కార్డు లేనిదాన్నొకదాన్ని పట్టేసింది!"

రెండో రోజు ఫణీంద్ర పని పద్ధతి చెప్పాడు. ఏది పాడైనా, ఏది కావాలన్నా కంప్యూటర్లో రాసి పెట్టాలట, దాన్ని టికెట్ అంటారట. "టికెట్ లేనిదే ఇక్కడ ఎవ్వరూ వేలు కదపరు" అన్నాడు. ఈ పద్ధతి సూక్ష్మం వారింట్లో అందరికీ తెగ నచ్చేసింది. "ఇన్నాళ్ళూ మనం టికెట్ లేకుండా అన్నం తిన్నామా!" అని సన్యాసిరావు లెంపలేసుకున్నాడు. అప్పటికప్పుడు రూలు పెట్టేశాడు. ఎవరికేం కావాలన్నా ఫోన్లో రాసి ఈశ్వరమ్మకి పంపాలి.

అంతే. అందరూ కంచాల ముందు కూర్చుని టికెట్లు పంపారు. గౌరమ్మకి రాయడం రాదు కాబట్టి ఆవిడ చెబుతుంటే కొడుకు రాశాడు. "వంకాయ కూర, కాస్త ఎక్కువ, ముచికలు లేకుండా" అని. ఈశ్వరమ్మ గరిట పట్టుకుని వంటింట్లో నిలబడింది. ఆవిడ ఫోను హాల్లో ఛార్జింగులో ఉంది. అది కంచాల పక్కనే టింగు టింగుమంటోంది.

"ఏటే, వడ్డించవా?" అంది గౌరమ్మ.

"టికెట్ రాందే నేనెలా కదుల్తానత్తయ్యా? రూలు పెట్టింది మీ అబ్బాయే కదా!"

"ఫోను తెచ్చి ఇవ్వరా నాయనా!"

"ఫోను తెమ్మని నాకు టికెట్ వచ్చిందేటి?" అన్నాడు సన్యాసిరావు.

అన్నం ఉడికింది, కూర ఉడికింది, టికెట్ మాత్రం అందలేదు. ఆకలి కడుపులతోనే అందరూ ఆ పద్ధతిని మెచ్చుకుంటూ పడుకున్నారు.

మర్నాడు ఆఫీసులో మంచినీళ్ళ కుళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు. నీళ్ళు కారుతున్నాయి. తనూజ చూసింది. చూసి చక్కగా టికెట్ రాసింది. రాసి కాళ్ళు కుర్చీమీదికి ముడుచుకుని కూర్చుంది. నీళ్ళు బల్లలకిందికి వచ్చాయి. "నీళ్ళు బల్లలకిందికి వచ్చాయి" అని ఇంకో టికెట్ రాసింది. ఎవరివో చెప్పులు తేలుతూ వచ్చాయి. వాటికి వేరే టికెట్. వైర్ల దగ్గరికి తడి వచ్చేసరికి ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒక్కసారి టప్పుమని ఆరిపోయాయి. పాపం, టికెట్లు కూడా వాటిలోనే ఉన్నాయి.

ఫణీంద్ర పంట్లాం మడుచుకుని పరిగెత్తుకొచ్చాడు. "చూస్తూ కూర్చున్నావా తల్లీ! తప్పు కనబడితే గొంతెత్తి చెప్పాలి! అక్కడ ఎవరున్నా, ఏం జరుగుతున్నా సరే, గట్టిగా చెప్పెయ్!"

"అలాగేనండి" అంది తనూజ. అని ఆ మాట భద్రంగా మనసులో పెట్టుకుంది.

నీళ్ళు తోడి కరెంటు వేసుకున్నాక, ఆ మధ్యాహ్నమే కంపెనీ యజమానురాలు సుధేష్ణ మేడం, గోడమీద పెద్ద తెరలో బెంగళూరు పెద్దమనుషులతో మాట్లాడుతోంది. వాళ్ళు పెట్టుబడి పెడితేనే కంపెనీ నిలుస్తుంది. పెట్టకపోతే వేసవి అయ్యేసరికి తాళమే. తనూజ వెనక గోడవార కూర్చుని, ఆఫీసు ఫోన్లో యాప్ నొక్కి చూస్తోంది.

"మా యాప్‌లో ఇప్పుడు లోపమన్నది లేదు" అంది మేడం.

"ఉంది మేడం!" తనూజ లేచి నిలబడింది. గొంతు బయట బస్టాపు దాకా వినబడింది. "ఉప్మా నొక్కితే పెసరట్టు బొమ్మ వస్తోంది! కారప్పొడి వద్దంటే రెండు పొట్లాలు రాసుకుంటోంది! వెనక్కి వెళ్ళమంటే మొత్తం మూసేసుకుని పోతోంది మేడం!"

తెరలో పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎల్లుండి మేమే వచ్చి కళ్ళారా చూస్తాం" అని తెర ఆర్పేశారు.

మేడం అరవలేదు. అరిచినా బాగుండేది. "తనూజా, ఎల్లుండిలోగా లోపాలన్నీ సరిచేస్తాం" అంది మెల్లిగా. "నువ్వు ఈ ఫోను ఇంటికి తీసుకెళ్ళు. మీవాళ్ళ చేత నిజం కస్టమర్లలాగే యాప్ వాడించు. ఒక్క బొత్తాం కూడా వదలకుండా నొక్కి చూడమను. కానీ ఒక్కమాట. ఈసారి తేడా వస్తే మీ బడితో మాకింక పనిలేదు."

తనూజ బస్సులో ఏడుస్తూనే ఇంటికొచ్చింది. "నా అంత మొద్దుమొహాన్ని ఆ బడిలో ఎక్కడ దొరకబుచ్చుకున్నారో! పిల్లలందరి నోట్లో మన్ను కొట్టేసేలా ఉన్నాను" అని తలకొట్టుకుంది. పిల్లకి తన సంగతి కొంచెం కొంచెం అర్థమవుతున్నట్టే ఉంది. కానీ గుమ్మంలోకి అడుగుపెట్టగానే నాన్న, "ఏడుస్తావేంటమ్మలూ, మేమున్నాం కదా!" అన్నాడు. అంతే, వచ్చిన అర్థం వచ్చినట్టే పోయింది.

తనూజ, నాన్న, నాయనమ్మ ముగ్గురూ మంచం మీద ఫోను పెట్టుకుని కూర్చున్నారు. గౌరమ్మ వేలు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టి మొదలెట్టింది. అక్షరాలు వచ్చినచోట కొడుకు చదివిపెట్టాడు. ఇడ్లీ కనబడితే ఇడ్లీ నొక్కింది. పునుగులు కనబడితే పునుగులు నొక్కింది. ఊళ్ళో టిఫిన్లు వండే ప్రతి ఇల్లూ తెరిచి, ప్రతి వంటా నొక్కింది.

"ఆర్డరు ఖాయం చెయ్యాలా అని అడుగుతోందే" అంది.

"అదీ బొత్తామే కదమ్మా, వదలొద్దన్నారు" అన్నాడు కొడుకు.

"ఏ ఇంటికి పంపాలని అడుగుతోంది?"

ఇక్కడ తనూజ నిజాయితీ అడ్డొచ్చింది. "ఇది ఆఫీసు పని నాయనమ్మా! ఆఫీసు ఖాతాలో టిఫిన్లు మనింటికి తెచ్చుకుంటే దొంగతనం కాదూ? ఆఫీసు అడ్రసే నొక్కు. రోజేమో మేడం ఎల్లుండన్నారు, ఎల్లుండే పెట్టు."

చివర్లో రద్దు చేసే బొత్తాం కూడా కనబడింది. దాన్నీ నొక్కారు. "నిజంగానే రద్దు చెయ్యమంటారా? వద్దు, అవును" అని రెండు బొత్తాలు వచ్చాయి. వరసలో ముందున్నది కాబట్టి గౌరమ్మ 'వద్దు' నొక్కింది. టక్కున రెండూ మాయమైపోయాయి.

"అయ్యో, రెండోది నొక్కనీకుండా పారిపోయిందే!"

"ఇదిగో, పెద్ద లోపం పట్టేశాం!" అని సన్యాసిరావు తొడగొట్టాడు. మర్నాడు తనూజ ఫోను తిరిగిచ్చి, మాయమయ్యే బొత్తాం సంగతి ఫణీంద్రకి గొప్పగా చెప్పింది. ఖాయం చేసిన ఆర్డర్ల సంగతి చెప్పలేదు. అది లోపం కాదు కదా, సరిగ్గానే పనిచేసింది.

అనుకున్న రోజు బెంగళూరు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. మేడం మొదటి మాట అనబోయేసరికి తలుపు దగ్గర బెల్లు మోగింది. ఇడ్లీలు. వెనకాలే పెసరట్లు. వాటి వెనకాల ఉప్మా, పూరీ, గారెలు, మళ్ళీ ఇంకో ఇంటి ఇడ్లీలు. మెట్లనిండా హెల్మెట్లే. బల్లలు నిండాయి, కుర్చీలు నిండాయి. సాంబారు క్యారేజీ పెట్టడానికి చోటులేక ఫణీంద్ర ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు.

మేడం మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎవరు చేశారిది?"

గొంతెత్తి చెప్పాలి కదా! "మా నాయనమ్మ మేడం!" అంది తనూజ. "చదువు రాకపోయినా ఒక్క బొత్తాం వదల్లేదు మేడం!" అని, అప్పుడు చూసింది మేడం కళ్ళు. ఈసారి నిజంగానే బడి తలుపు మూసుకుపోయిందని ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

ఈలోగా పెద్దమనుషుల్లో పొట్ట ఉన్నాయన ఒక గారె తీసుకున్నాడు. తర్వాత ఇంకోటి. "వేడిగా ఉంది" అన్నాడు. చట్నీ మూత తీశాడు. "ఒకే మనిషి ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఒకేసారి ఆర్డరు పెట్టినా మీ యాప్ ఆగలేదా? అందరూ చెప్పిన వేళకే తెచ్చారా?"

"తెచ్చినట్టే... ఉన్నారండీ" అంది మేడం, ఆ సంగతి తనకీ అప్పుడే తోచి.

"చదువురాని ముసలావిడ కూడా వాడేసిందా?"

"వేలు కడుక్కుని మరీ వాడిందండీ" అంది తనూజ ముక్కు చీదుకుంటూ.

ఆయన పడీపడీ నవ్వాడు. ఇంకేముంది, బెల్టు వదులు చేసుకుని పెసరట్ల దగ్గరికి జరిగాడు. పెట్టుబడి మాట అల్లం పచ్చడి దగ్గర ఖాయమైంది. మిగిలిన టిఫిన్లు బిల్డింగంతా పంచినా సాయంత్రందాకా తరగలేదు.

వేసవి ఆఖర్న మేడం తనూజని పిలిచింది. నవ్వాలో తిట్టాలో తేలక నవ్వేసింది. "ఇచ్చిన మాట ప్రకారం ఏటా మీ బడి నుంచి ఒకరిని తీసుకుంటాం. వచ్చే ఏడాది మనిషిని నువ్వే ఎంచి పంపు, మీ హెడ్‌మిస్ట్రెస్‌తో నేను చెబుతాను. మీ బడివాళ్ళే అయ్యుండాలి. ఇంట్లోవాళ్ళు ఒకరు వెంటరావాలి. ఇంకో సంగతి తల్లీ, దణ్ణం పెడతా, నీకంటే కాస్త తెలివైనవాళ్ళని పంపు."

తనూజ సంతోషం పట్టలేకపోయింది. కాలేజీలో చేరినా ఏడాదంతా అదే ధ్యాస. బడికెళ్ళి పిల్లల్ని ఒక్కొక్కరినే పరీక్షించింది. "ఆఫీసులో కూర్చోమంటే ఎంతసేపు కూర్చుంటావు?" అని అడిగితే, "పని వచ్చేదాకా" అన్నారు. "తప్పు. లేవమనేదాకా" అంది తనూజ. "సారు ఒక్క నిమిషం ఆగమని వెళ్ళి రాకపోతే?" అంటే, "వెళ్ళి వెతుకుతాం" అన్నారు. "ఆగమంటే వెళతారా!" అని ఆమె నిట్టూర్చింది.

ఇంటికొచ్చి చతికిలబడింది. "ఒక్కళ్ళూ నెగ్గలేదు నాన్నా. నాకంటే తెలివైనవాళ్ళు బడిలోనే లేరు. చాన్సు పోయేలా ఉంది."

సన్యాసిరావు మీసం దువ్వాడు. "పిచ్చిదానా, నీకా తెలివి ఎక్కణ్ణించి వచ్చింది?"

"నీ దగ్గర్నించే."

"మరి నీకంటే తెలివైనవాడు ఎవడు?"

"నువ్వే! కానీ మా బడివాళ్ళే అయ్యుండాలన్నారే!"

"నేనూ ఆ బడే కదమ్మలూ! పదో తరగతి తప్పాను. తప్పినవాడు ఇంకా బడి దాటలేదన్నమాటే."

ఈశ్వరమ్మ ఆనందంతో కళ్ళొత్తుకుంది. గౌరమ్మ కొడుకు తలకి నూనె రాసి పాపిడి తీసింది.

అలా మరుసటి వేసవి మొదటి సోమవారం, సుధేష్ణ మేడం ఆఫీసు గదిలో తలెత్తి చూసేసరికి ఎదురుగా తెల్ల చొక్కా, నీలం నిక్కరు, భుజాన పుస్తకాల సంచీ, ఇంత మీసంతో ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "గు...డ్ మా...ర్నింగ్ మే...డం!" అని బళ్ళో పాడినట్టు పాడాడు.

మేడం కళ్ళు నులుముకుంది. "ఎవరండీ మీరు?"

"మీరడిగిన తెలివైన పిల్లాణ్ణండి."

మేడం అతన్ని మీసం నుంచి నిక్కరు దాకా చూసింది. చివరికి ఏం అడగాలో తోచక, "మీ... మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా వెంటవచ్చారా?" అంది.

తలుపు వెనకనుంచి తనూజ ముందుకొచ్చి, అమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, నాన్న తలమీద చెయ్యేసి నిమిరింది.

"నేనొచ్చానండి. కాస్త అల్లరెక్కువ, మీరే కనిపెట్టి చూసుకోవాలి."