ఇనుము నుండి కొలిచిన ఎత్తు

పరంజ్యోతి లెక్కలో తప్పు లేదు. అయినా ఆమె తూటా గురి తప్పుతోంది.

కర్నూలుకు దాపున, ఎర్రగుట్టల నడుమనున్న పోలీసు ఫైరింగ్ మైదానంలో ఆమె ఉదయం నుండి సాధన చేస్తోంది. బందీలను విడిపించే ప్రత్యేక దళానికి మరునాడే ఎంపిక పరీక్ష. పరీక్ష కాగితం మీద ఒక తల్లి బొమ్మ. ఆమె వెనుక నక్కి, నొసలు మాత్రమే పైకి కనిపించే దుండగుని బొమ్మ. తూటా ఆ నొసటనే పడాలి. తల్లి బొమ్మను అంచున తాకినా చాలు, ఇక ఇంటికి పోవలసిందే.

పది మీటర్ల నుండి పరంజ్యోతి కాల్చిన మూడు తూటాలూ తల్లి పాపట మీద పడ్డాయి.

"లెక్కల పంతులమ్మకు వచ్చిన లెక్కలు ఆమె తూటాకు వచ్చినట్టు లేవే!" అన్నాడు పక్క వరుసలోని కానిస్టేబుల్ సింహాద్రి.

గణితంలో ఎమ్మెస్సీ చదివి పోలీసైన పరంజ్యోతికి ఆ మాట ముల్లులా దిగింది. సెమీ ఆటోమేటిక్ రైఫిలు భుజాన, నోటుపుస్తకం చేత, ఆయుధశాల అరుగు మీద కూర్చున్న వృద్ధ గురువు దగ్గరకు నడిచింది. ఖాదర్ మొహియుద్దీన్ ముప్పై ఏళ్లు తుపాకులు బాగుచేసి, ఎందరికో గురి నేర్పినవారు. అందరికీ ఆయన ఉస్తాద్.

"ఉస్తాద్, నాకు వేరే రైఫిల్ ఇప్పించండి. దీని గొట్టం వంకర."

"వంద మీటర్ల దగ్గర?"

"అక్కడ నట్టనడుమ పడుతోంది."

"వంకర గొట్టానికి అంత బుద్ధి ఎక్కడిది బేటీ?"

ఆమె పుస్తకం విప్పింది. గురిచూసే దుర్భిణి, అంటే స్కోపు, గొట్టానికి పైన ఉంటుంది; చూపూ తూటా దారీ వంద మీటర్ల దగ్గర కలిసేలా సరిచేస్తారు కనుక, దగ్గరి గురికి తూటా చూపు కంటె దిగువన పడుతుంది. ఎంత దిగువన అన్నది స్కోపు ఎత్తును బట్టి ఉంటుంది. ఆమె కొలిచిన ఎత్తు నాలుగు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. ఆ లెక్కన పది మీటర్లకు తూటా మూడు సెంటీమీటర్ల పైచిలుకు దిగాలి. ఐదున్నర దిగుతోంది.

"ఐదున్నర అని కళ్లారా చూశావు కదా. అంత పైకి పట్టి కాల్చెయ్," అన్నారు ఉస్తాద్.

"రేపు దూరం ఎంతో ముందుగా చెప్పరు ఉస్తాద్. ఏ దూరానికైనా లెక్క నిలబడాలి."

ఆయన ముఖం విప్పారింది. "అయితే, ఎత్తు ఎలా కొలిచావో చూపించు."

ఆమె గొట్టం పైభాగాన స్కేలు మోపి, స్కోపు అడుగు అంచు వరకు చూపింది. "ఇక్కడి నుండి ఇక్కడికి. మూడుసార్లు కొలిచాను."

ఉస్తాద్ రైఫిలు అందుకున్నారు. మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని వేలితో తడిమి చూసి, వెనుక పిన్ను నెట్టి రైఫిలును మడతకత్తిలా విప్పారు. గొట్టాన్ని వెనుక నుండి మూసే బోల్టును వెలికి లాగారు. గొట్టం ఈ కొస నుండి ఆ కొసకు ఖాళీ అయింది. దానిని నింగి వైపు ఎత్తి ఆమె కంటి ముందుంచారు.

"ఏం కనిపిస్తోంది?"

"మిరియమంత ఆకాశం."

"అందులో ఇనుమెంత?"

ఆమె బదులు చెప్పేలోగా ఆయన చేయి కాస్త దించి, స్కోపును ఆమె కంటికి ఆనించారు.

"ఇందులో?"

అందులోనూ ఇనుము లేదు; తూటా పోయేదీ చూపు పోయేదీ నట్టనడుమ నుండే, ఇనుము అంచు నుండి కాదని పరంజ్యోతికి తట్టింది. తరువాత తానే గొట్టం తుడిచే ఇత్తడి కడ్డీ అందుకొని, గుడ్డపేలిక బిగించి లోనికి దూర్చింది. కడ్డీ కొస స్కోపు అద్దానికి సరిగ్గా కింద వెలికివచ్చి నిలిచింది. కడ్డీ నడుమ నుండి అద్దం నడుమకు స్కేలు ఆనించింది. ఆరు సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్లు.

పాత అంకె కొట్టివేసి, లెక్క మళ్లీ కట్టింది. పది మీటర్లకు ఐదున్నర!

"లెక్క సరైనదే ఉస్తాద్! మొదలుపెట్టిన చోటే తప్పు."

"నేనూ మొదట ఇనుమునే కొలిచాను. చెప్పేవారు లేక నెలరోజులు తుపాకీని తిట్టాను," అని నవ్వారాయన.

సింహాద్రి కొత్త కాగితం తెచ్చాడు. "దూరం నేను చెప్పను. కొట్టు చూద్దాం," అంటూ తోచిన చోట నిలిపి వచ్చాడు.

పరంజ్యోతి కంటితో దూరం అంచనా కట్టింది. పుస్తకంలో ఆ దూరానికి లెక్క కట్టి, వచ్చినంత పైకి గురిపెట్టింది. ఊపిరి నిలిపి మూడుసార్లు కాల్చింది.

మూడు రంధ్రాలూ దుండగుని నొసట ఒకదానినొకటి ఒరుసుకొని ఉన్నాయి. తల్లి పాపట చెక్కుచెదరలేదు.

"పంతులమ్మా, నా రైఫిల్ కూడా కాస్త కొలిచిపెట్టవూ?" అన్నాడు సింహాద్రి, గొంతు తగ్గించి.

పరంజ్యోతి ఉస్తాద్ వైపు తిరిగింది. "రేపటికి ఇక భయం లేదు ఉస్తాద్."

ఉస్తాద్ కాగితాన్ని చట్రం నుండి ఊడదీసి, తల్లి బొమ్మ నలగకుండా చుట్టి ఆమె చేతికిచ్చారు.

"భయాన్ని పోనివ్వకు బేటీ. ఈ తల్లి రేపటి వరకే కాగితం."