ముందు చెరిపేయమన్న పేజీ

తను రాసిన పేజీలో తప్పుందని ఎవరో మెయిల్ పెట్టారని సుధేష్ణకు కోపం వచ్చింది.

ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించిన పేజీ అది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేస్తున్నారు. వాళ్లలో పెద్దవారు హనుమకొండలో ఉండే యాకూబ్ అలీ సార్. సుధేష్ణ ఆయన దగ్గరే పని నేర్చుకుంది. లోపలి కంప్యూటర్ పాడైతే, ముందే తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్‌తో, అంటే అది బాగున్నప్పటి నకలుతో, దాన్ని మళ్లీ ఎలా బాగుచేసుకోవాలో చెప్పే పేజీ ఆమె రాసిందే.

మెయిల్ పెట్టినాయన ఉట్నూరు దగ్గర బడిపంతులు, తొడసం భీంరావు. రెండు వాక్యాలు తారుమారయ్యాయని రాశాడు. స్నాప్‌షాట్‌ను ముందు చెరిపేయమని, ఆ తర్వాత దానికి వెనక్కి వెళ్లమని పేజీలో ఉందట.

సుధేష్ణ సార్ ఇంటికి వెళ్లి చెప్పుకుంది. కోడ్‌లో తప్పేమీ లేదని, కాస్త ఆలోచిస్తే ఎవరికైనా అర్థమవుతుందని, ఇలాంటి మెయిళ్లన్నిటికీ జవాబులిస్తూ కూర్చుంటే అసలు పని ఆగిపోతుందని.

సార్ అంతా విన్నారు. ఆయన లోపలి కంప్యూటర్ కూడా పొద్దుటి నుంచి తెరుచుకోవడం లేదు. కొత్తగా రాసిన కోడ్ అంతా అందులోనే ఉంది. స్నాప్‌షాట్ ఒక్కటే దిక్కు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"నీ పేజీ చదువు బిడ్డా. నువ్వు చదివినట్టే చేస్తాను."

ఆమె చదువుతుంటే ఆయన టైపు చేస్తూ పోయారు. 'స్నాప్‌షాట్‌ను చెరిపేయండి' అన్న చోటుకు వచ్చారు. అదీ టైపు చేసి, ఎంటర్ మీద వేలు పెట్టారు.

"ఆగండి సార్. అది కాదు, ముందు కింది వాక్యం."

"పేజీలో అట్ల లేదే."

"నేను చెప్తున్నా కదా సార్."

"చదివేటోళ్ల పక్కన ప్రతిసారీ నువ్వుంటవా?"

ఆయన వేలు తీసేసి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

సుధేష్ణ ఆ మెయిల్ మళ్లీ తెరిచింది. మొదటిసారి సగంలోనే ఆపేసింది. కింద ఇంకా ఉంది. భీంరావు ఊళ్లు తిరిగి ముసలమ్మల చేత గోండి పాటలు పాడించి రికార్డు చేసుకున్నాడు. వాటిని దాచుకున్న లోపలి కంప్యూటర్ పాడైతే, పేజీలో ఉన్నట్టే చేశాడు. అన్నీ పోయాయి.

"పోయినవి పోయినయి. అమ్మలు ఉన్నరు, మళ్ల పాడిస్తున్న. ఇంకొకరికి ఇట్ల కాకుండ చూడండి. ఇంత మంచిది ఊరికే ఇస్తున్నరు, మీ మేలు మరువను."

అడుగున ఫోన్ నంబరుంది. సుధేష్ణ చేసింది. ఆ పేజీ రాసింది తనేనని చెప్పింది. అది విని భీంరావు చాలా సంతోషపడ్డాడు. తాను అప్పుడే ఒక అవ్వ ఇంట్లో ఉన్నానని, వినమని, ఫోన్ ఆమె దగ్గర పెట్టాడు. వణికే గొంతుతో ఒక పాట సాగింది. సుధేష్ణకు ఒక్క మాటా అర్థం కాలేదు. పాట అయ్యేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత పేజీ దిద్దింది. సార్ చాయ్ తెచ్చి పక్కన పెట్టారు. దిద్దినవాళ్ల పేరు రాసే చోట ఆమె ఆగింది.

"ఇక్కడ ఎవరి పేరు రాయాలి సార్? మార్చింది నేనే కదా."

"ముల్లు తీసింది నువ్వే," అన్నారు సార్. "గుచ్చుకున్న కాలుతోని వెనక్కొచ్చి చెప్పిందెవరో, వాళ్ల పేరు రాయి."