నిండుకున్న ఉప్పు

పేరిందేవమ్మగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, చేతికి పని ఇస్తారు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఊరికే కూర్చోలేక, కాలవగట్టు వీధిలో తన ఇంటి వరండాలోనే శనివారం కుట్టు, ఆదివారం వంట నేర్పేవారు. పెద్ద విద్యలేం కావు. పాత చీరలతో బొంత, గుడ్డపీలికలతో కాళ్ళపట్టా, పప్పుచారు, వంకాయ పచ్చడి, అన్నీ గంటా రెండు గంటల్లో చేతికొచ్చేవే. అయినా అక్కడికొచ్చే నలుగురైదుగురు ఆడవాళ్ళూ ఆమెను గురువుగారిగానే చూసేవారు. మొగుళ్ళ సంగతి దగ్గర్నుంచి మోక్షం సంగతి దాకా ఆమెనే అడిగేవారు. ఆమె దగ్గర ఒక్కటే నియమం: వరస వంకర పోయిందా, విప్పాల్సిందే. "బాగానే ఉంది కదండీ టీచరుగారూ" అని ఎవరైనా నసిగారో, వాళ్ళ పని అయిందే.

ఆ శనివారం ఆమె తాయారు కుడుతున్న బొంత మీద వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ వచ్చి, చివరి వరస దగ్గర ఆగారు.

"ఇది నువ్వు కుట్టింది కాదు" అన్నారు.

కుట్లన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. తాయారుకీ తెలుసు. రాత్రి మడిచి పెట్టెలో పెట్టినప్పుడు పదకొండు వరసలు. పొద్దున తీస్తే పన్నెండు. ఎవరితోనన్నా అంటే, రెండో పెళ్ళాం కదా, కథలల్లుతోంది అంటారని నోరు మూసుకుంది. ఇప్పుడు ఇక ఆగలేక అడిగేసింది.

"టీచరుగారూ, పోయిన మనిషిని ఇంట్లోంచి ఎలా పంపించాలండీ?"

వరండాలో సూదులన్నీ ఆగిపోయాయి.

తాయారు కాపురానికొచ్చి ఏడు నెలలైంది. భర్త నరహరి బస్సు కండక్టరు. అతని మొదటి భార్య రమణి రెండేళ్ళ కిందట విషజ్వరంతో పట్నం ఆసుపత్రిలో పోయింది. ఆవిడ కూతురు మేఘనకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకి పెట్టే అన్నం దగ్గరే వచ్చింది తంటా అంతా. తాయారు ఏం వండినా రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేస్తుంది. గొడవ చెయ్యదు, ఏడవదు, "అమ్మ వచ్చాక తింటాను పిన్నీ" అంటుందంతే. మెడ దగ్గర ఎముకలు బయటికొచ్చాయి. నరహరి అక్క శేషమ్మ ఊరుకుంటుందా? "పిల్ల చిక్కి సగమైంది. ఆదివారం మధ్యాహ్నం బస్సుకొస్తాను, బట్టలు సర్ది ఉంచండి, నాతో తీసుకుపోతాను" అని కబురు పెట్టింది. ఆదివారమంటే రేపే. తాయారుకి ఆ పిల్లంటే ప్రాణం. ఎప్పుడలా అయిందో ఆమెకే తెలీదు. జడ వేస్తూ వేస్తూ అయిపోయింది. ఆ బొంత కూడా రమణి నూలు చీరలతో, పిల్ల కోసమే కుడుతోంది.

"బొంత ఒక్కటే కాదండీ, ఉప్పు కూడా" అంది తాయారు గొంతు తగ్గించి. వంటింట్లోని స్టీలు డబ్బాలన్నిటి మీదా 'రమణి' అని పేరు చెక్కించి ఉంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన సామాను. ఉప్పు డబ్బా అడుగంటినప్పుడల్లా తాయారు అందరిలాగే "ఉప్పు నిండుకుంది" అంటుంది. ఇంట్లో సరుకు అయిపోతే ఎవరం మాత్రం లేదంటాం? లేదంటే పైన తథాస్తు దేవతలు వింటారని భయం. తాయారు అలా అన్న మర్నాడు మధ్యాహ్నం మూత తీస్తే డబ్బా అంచు దాకా నిండి ఉంటుంది. అదీ రాళ్ళుప్పు. తను వాడేదేమో ప్యాకెట్టులో వచ్చే సన్న ఉప్పు.

పేరిందేవమ్మగారు అంతా విన్నారు. తాయారు సూదిలో దారం అయిపోతే కొత్త దారం ఎక్కించి ఇచ్చారు. "రేపు వంట మా ఇంట్లో వద్దు. మీ ఇంట్లో" అన్నారు. అంతే.

ఆదివారం పదకొండింటికి గుడ్డసంచీ భుజాన వేసుకుని వచ్చారు. ఎండ పెళపెళలాడుతోంది. నరహరి డ్యూటీకెళ్ళాడు. పిల్ల వంటింటి గడప మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఎండాకాలం కదా, ఇల్లంతా వేడెక్కి ఉంది, ఆ వంటిల్లు మాత్రం చల్లగా ఉంది. పప్పుచారు పెట్టమన్నారు టీచరుగారు. పప్పు ఉడికింది, మునక్కాడలు పడ్డాయి, చింతపండు పులుసు మరుగుతోంది. "ఉప్పు వెయ్యి" అన్నారు.  నిన్న సాయంత్రం ఆ డబ్బాని ఆమే చెంచాతో గీకింది. "ఉప్పు నిండుకుంది, వచ్చేటప్పుడు తెండి" అని నరహరితో అంది. అతగాడు మర్చిపోయి ఉత్త చేతుల్తో వచ్చాడు.

మూత తీసింది. అంచు దాకా రాళ్ళుప్పు. పైన ఎవరో అరచేత్తో చదును చేసినట్టు నాలుగు వేళ్ళ అచ్చులు. టీచరుగారు వంగి, తన కుడి చెయ్యి వాటి మీద ఆనించి చూశారు. కుదరలేదు. ఎడంచెయ్యి పెట్టారు. సరిపోయింది. చేతికి అంటిన తడిని కొంగుకి తుడుచుకున్నారు.

"అమ్మ పోసింది, అమ్మది ఎడంచేతి వాటం" అంది మేఘన, పాలవాడు వచ్చి వెళ్ళాడని చెప్పినంత మామూలుగా. "నిండుకుందని పిన్ని అంటే అమ్మకి వినిపిస్తుంది మామ్మగారూ. నేను బళ్ళోనో నిద్రలోనో ఉన్నప్పుడు వచ్చి వెళ్ళిపోతుంది. మూత తడిగా ఉంటుంది కదా, నాకు తెలుసు. ఏదో ఒక రోజు నేను మెలకువగా ఉన్నప్పుడే వస్తుంది. అప్పుడు అన్నం కలిపి పెడుతుంది."

తాయారు డబ్బాతో సహా రెండడుగులు వెనక్కి వేసింది. టీచరుగారు మాత్రం పొయ్యి మంట తగ్గించి, పీట మీద కూర్చున్నారు.

"తాయారూ, ఉప్పు అయిపోతే ఏమంటాం?"

"నిండుకుందంటామండీ."

"దీపం ఆరిపోతే?"

"కొండెక్కిందంటాం."

"గుమ్మం దిగేటప్పుడు?"

"వెళ్ళొస్తానంటాం."

"ఈ పిల్ల తల్లి పోయిన రోజున ఈ పిల్లతో ఏమన్నారు?"

తాయారుకి ఆ సంగతి తెలుసు. నరహరి ఒకసారి చెప్పాడు. పసిదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు, కర్మల పది రోజులూ మేనమామగారింట్లో ఉంచేశారు. ఎవరడిగినా, ఎప్పుడడిగినా, అందరిదీ ఒకటే జవాబు.

"ఊరెళ్ళింది, వస్తుంది అన్నారటండీ."

"వస్తుంది, వస్తుంది అని ఇంటిల్లిపాదీ రెండేళ్ళపాటు అంటుంటే, రాకుండా ఏం చేస్తుందే పాపం?" అన్నారు టీచరుగారు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలి ఎవరి మీదో తాయారుకి అర్థం కాలేదు. "ఉప్పు తర్వాత వేద్దువుగాని. ముందు ఆ మాట అను."

ఏ మాటో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక తాయారు వంటింట్లో నిలబడి ఆ మాట అన్న పాపాన పోలేదు. అంటే పిల్ల ఇక జన్మలో తన మొహం చూడదేమో. మధ్యాహ్నం బస్సుకి శేషమ్మ వస్తుంది, అడక్కుండానే పిల్లే సంచీ ఎత్తుకుని ఆవిడ వెంట పోతుంది. అనకపోతే? గడప మీద ఆ మోకాలి చిప్పలు కనిపిస్తున్నాయి. తాయారు డబ్బాని రెండు చేతులా గుండెకి ఆనించుకుని, పిల్ల ఎదురుగా చతికిలబడింది.

"అమ్మ లేదమ్మా" అంది. "ఊరెళ్ళలేదు. జ్వరమొచ్చి చచ్చిపోయింది. ఇంక రాదు. అమ్మ లేదు."

వీధిలో ఎక్కడా చప్పుడు లేదు. మరుగుతున్న చారు ఒక్క క్షణం మరగడం మానేసింది. ఎవరో ఆమె పక్కనుంచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గడప దాటినట్టు, సన్నగా గాజుల చప్పుడైంది. తాయారు చేతులకి అప్పుడు గాజులు లేవు. వంటకని పొద్దున్నే తీసి గూట్లో పెట్టింది. అప్పుడు చేతుల్లో డబ్బా తేలికైంది. వంచి చూస్తే అడుగు కనిపిస్తోంది, నిన్న తను చెంచాతో గీకిన గీతలతో సహా.

ఆ తర్వాతే పిల్ల ఏడ్చింది. అబ్బ, ఏం ఏడుపది! రెండేళ్ళది ఒక్కసారే వచ్చింది. "నువ్వు అబద్ధాలాడుతున్నావు" అంటూ రెండు పిడికిళ్ళతోనూ తాయారుని కొట్టింది. జుట్టు పీకింది. ఆమె పీకించుకుంది. తనూ ఏడ్చింది, ఒక్కసారైనా చూడని రమణి కోసం కూడా ఏడ్చింది. ఎంతసేపటికో పిల్ల ఆమె ఒళ్ళోనే ఎక్కిళ్ళు పెడుతూ అడిగింది:

"అయితే చారులో ఉప్పెవరు వేస్తారు?"

"నేనే వేస్తానే తల్లీ."

టీచరుగారు సంచీలోంచి ఉప్పు ప్యాకెట్టు తీశారు. ఉప్పు చేతికివ్వకూడదు కదా, గట్టు మీద పెట్టి పక్కకి జరిగారు. తాయారు ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ వేసేసరికి కాస్త ఎక్కువే పడింది. మేఘన మొదటి ముద్దకే మొహం చిట్లించి, "ఉప్పెక్కువైంది పిన్నీ" అంది. అని, మారు వడ్డించుకుంది.

శేషమ్మ మూడింటి బస్సుకి దిగింది. వచ్చేసరికి పిల్ల సగం కుట్టిన బొంత మీద, తాయారు కొంగు పిడికిట్లో పట్టుకుని ఆదమరిచి నిద్రపోతోంది. మూతి చుట్టూ ఎండిన చారు. శేషమ్మ నోటిదురుసు మనిషే గానీ కళ్ళు లేని మనిషి కాదు. ఆ పిడికిలి వంక చాలాసేపు చూసి, కాఫీ అడిగి తాగింది. సాయంత్రం ఒక్కతే బయల్దేరింది. గుమ్మం దిగుతూ "వెళ్ళొస్తానే బంగారం" అంటే, మేఘన "నిజంగా వస్తావా అత్తా? ఎప్పుడు?" అని నిలేసింది. శేషమ్మ తడబడి, "దసరాకి" అంది. పిల్ల వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

ఉప్పు డబ్బా ఆ తర్వాత ఎప్పుడు నిండుకున్నా మళ్ళీ దానంతట అది నిండలేదు. తాయారుకి అది నిశ్చింతగానూ ఉంది, ఎందుకో కొంచెం బాధగానూ ఉంది.

తరువాతి శనివారం బొంత పట్టుకుని వరండాలోకొచ్చింది. నియమం తెలిసిన శిష్యురాలు కదా, కూర్చోగానే కత్తెర తీసి, ఎడమకి వాలిన ఆ పన్నెండో వరస మొదటి కుట్టు కింద మొన పెట్టింది. పేరిందేవమ్మగారు తన చేతిలో పని పక్కన పడేసి, అరచెయ్యి అడ్డం పెట్టారు. ఇన్నేళ్ళలో ఆమె అలా చెయ్యడం ఎవరూ చూసి ఎరగరు.

"దాన్ని విప్పకు తాయారూ" అన్నారు. "మళ్ళీ కుడదామంటే, ఆ మనిషి లేదుగా."